నీటిపక్షుల క్షేత్రస్థాయి గుర్తింపు: సంకరసందేహం, నిర్ధారణ పరిమితులు

వ్యాససంగ్రహం:
చెరువులు, ఉప్పుటేళ్ళు, మడ అడవుల దగ్గర అప్పుడప్పుడు ఏ ఒక్క జాతి లక్షణాలకూ పూర్తిగా ఒదగని పక్షులు కనిపిస్తాయి. వీటిని వెంటనే ‘సంకరం’ అనడమో, అరుదైన జాతిగా లెక్కలోకి ఎక్కించడమో జరుగుతూ ఉంటుంది. ఈ రెండు నిర్ణయాలకూ ముందు పరిశీలకుడు తోసిపుచ్చవలసిన ఇతర కారణాలేమిటో, సంకరత్వాన్ని సూచించే లక్షణాలేమిటో, కంటిచూపుతో తేల్చగలిగినదానికి హద్దు ఎక్కడుందో ఈ వ్యాసం వివరిస్తుంది. కొంగలు, బాతులు ప్రధాన ఉదాహరణలు. తెలుగులో ఇటువంటి పరిశీలనలను నమోదు చేసేటప్పుడు ఎదురయ్యే పరిభాషా సమస్యను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: నీటిపక్షులు, సంకరం, తీరకొంగ, చిన్న తెల్లకొంగ, బాతులు, క్షేత్రపరిశీలన, పరిభాష.

1. ఉపోద్ఘాతం:
అమెరికన్ పక్షిచిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబన్ 1822లో లూసియానాలో ఒక మగ బాతును వేటాడాడు. అది అప్పటికి తెలిసిన ఏ జాతితోనూ సరిపోలేదు. దానిని కొత్త జాతిగా భావించి, తన మిత్రుడు థామస్ బ్రూవర్ పేరు మీద ‘బ్రూవర్ బాతు’ అని పేరు పెట్టాడు. ఆ పక్షి మల్లార్డ్, గాడ్వాల్ అనే రెండు జాతుల బాతుల కలయికలో పుట్టినదని తరువాతి పరిశీలకులు తేల్చారు. చేతిలో పక్షి ఉండి, గంటల తరబడి కూర్చుని దాని ఈకలను ఒక్కొక్కటిగా చిత్రించిన కంటికే ఈ పొరపాటు తప్పలేదు. రెండు వందల మీటర్ల దూరంలో, ఎండమావుల వెనుక నిలబడిన పక్షి విషయంలో నేటి పరిశీలకుడికి ఎంత జాగ్రత్త అవసరమో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఇది కేవలం అభిరుచిపరుల పట్టింపు కాదు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి ఏటా జనవరిలో జరుగుతోంది. కొల్లేరు, పులికాట్ వంటి చిత్తడి నేలలకు సంబంధించిన సంఖ్యలు ఇటువంటి గణనల ద్వారానే పోగవుతాయి. ఒక సంకరాన్ని అరుదైన జాతిగా రాస్తే ఆ జాతి వ్యాప్తిపటం మీద లేనిచోట ఒక చుక్క పడుతుంది. అరుదైన జాతిని సంకరమని కొట్టిపారేస్తే ఉన్నచోట చుక్క పడకుండా పోతుంది. రెండవ పొరపాటే ఎక్కువ నష్టదాయకం. లేని పక్షిని వెతుకుతూ ఎవరో ఒకరు మళ్ళీ అక్కడికి వెళతారు గనుక మొదటిది సరిదిద్దబడుతుంది. రెండవదానిని వెతికేవారుండరు.

2. తెలుగు పేర్లలోని విస్తృతి:
తెలుగులో ‘కొంగ’ అనే మాట శాస్త్రదృష్టితో వేర్వేరు కుటుంబాలకు చెందిన పక్షులను ఒకే గొడుగు కిందికి తెస్తుంది. చిన్న తెల్లకొంగ, గుడ్డికొంగ ఒక కుటుంబం. ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుళ్ళ కొంగ వేరొక కుటుంబం. కొంగల కుటుంబంలోనే పెద్దదైన బూడిదరంగు పక్షికి మాత్రం ‘నారాయణ పక్షి’ అనే ప్రత్యేక నామం ఉంది. జనవ్యవహారం కాళ్ళ రంగును, తిండిని, నడకను చూసి పేర్లు పెట్టింది. ఇది లోపం కాదు. కాళ్ళ రంగు, ముక్కు ఆకారం, మేత తీరు అనేవి నేటి క్షేత్రదర్శినులు కూడా ముందుగా చూడమని చెప్పే లక్షణాలే. అయితే సంకరత్వం చర్చకు వచ్చినప్పుడు ‘రెండు రకాల కొంగలు కలిసి పుట్టినది’ అంటే సరిపోదు. ఏ రెండు అన్నది ముఖ్యం. చిన్న తెల్లకొంగకూ దాని దగ్గరి బంధువుకూ మధ్య సంకరం సంభవమే. చిన్న తెల్లకొంగకూ నత్తగుళ్ళ కొంగకూ మధ్య సంకరం ఊహకు కూడా అందదు.

3. సంకరం కాని వింతలు:
చిత్రంగా కనిపించే నీటిపక్షుల్లో అత్యధికభాగం సంకరాలు కావు. వయసు, ఋతువు, వర్ణలోపం, మరక అనే నాలుగింటినీ వరుసగా తోసిపుచ్చిన తరువాతనే సంకరత్వాన్ని పరిశీలించాలి.

వయసు విషయంలో ఎర్రకాళ్ళ కొంగ మంచి ఉదాహరణ. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్ళు కట్టే ఈ పక్షుల పెద్దవాటికి రొమ్ము మీద నల్లని పట్టీ, వీపు చివర గులాబీరంగు ఈకలు ఉంటాయి. పిల్లలకు ఈ రెండూ ఉండవు. ఒళ్ళంతా మాసిన గోధుమరంగు. పట్టీ లేని పక్షి ఛాయాచిత్రాన్ని మాత్రమే చూసినవారికి అది ఆగ్నేయాసియాకు చెందిన పాలరంగు కొంగేమోనన్న అనుమానం రావడం సహజం.

ఋతువు కలిగించే భ్రమ ఇంకా విస్తృతమైనది. పెద్ద తెల్లకొంగ ముక్కు మామూలుగా పసుపు. జతకట్టే కాలంలో నలుపు. చిన్న తెల్లకొంగకు కళ్ళకూ ముక్కుకూ మధ్యనున్న చర్మం ఆ కొద్దిరోజులూ ఎర్రబారుతుంది. ఉత్తరాది నుండి వలస వచ్చే మగ బాతులు అక్టోబరు నాటికి ఇంకా ఆడపక్షులను పోలిన ఈకలతోనే ఉండి, తరువాతి వారాల్లో క్రమంగా పెళ్ళికళను సంతరించుకుంటాయి. ఆ మధ్యకాలంలో ఒకే పక్షి మీద పాత ఈకలు, కొత్త ఈకలు అతుకుల బొంతలా కనిపిస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ‘సంకరం’ అని నమోదు చేసిన బాతులను జనవరిలో మళ్ళీ చూస్తే చాలావరకు ఆ అనుమానం తీరిపోతుంది.

వర్ణలోపం వల్ల శరీరం మీద తెల్లని మచ్చలు ఏర్పడతాయి. దీనిని సంకరత్వం నుండి వేరుచేయడానికి ఒక ఉపయోగకరమైన గుర్తు ఉంది. వర్ణలోపపు మచ్చలు తరచుగా కుడి ఎడమల్లో సమానంగా ఉండవు. తల్లిదండ్రుల నుండి సంక్రమించిన సంకరలక్షణాలు సాధారణంగా రెండు వైపులా ఒకే తీరుగా ఉంటాయి. అందువల్ల ఒకవైపు నుండి తీసిన ఛాయాచిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా అసంపూర్ణమే. ఇక మరక సంగతి. ఇనుము కలిసిన బురదలో మేసే పక్షుల తల, మెడ తుప్పురంగుకు తిరుగుతాయి. ఇంతకుమించి దీని గురించి చెప్పవలసినది లేదు.

4. తీరకొంగ, చిన్న తెల్లకొంగ:
భారతదేశంలో సంకరసందేహానికి ఎక్కువగా తావిచ్చే జంట ఇది. ఈగ్రెట్టా గులారిస్ అనే శాస్త్రీయనామం గల పక్షిని ఈ వ్యాసంలో ‘తీరకొంగ’ అని వ్యవహరించడమైనది. ఇది సముద్రతీరాన్ని, ఉప్పుమళ్ళను, మడ అడవులను అంటిపెట్టుకుని ఉంటుంది. గుజరాత్ మొదలైన పశ్చిమతీర ప్రాంతాల్లో విరివిగా, ఆంధ్రతీరంతో సహా తూర్పున తక్కువగా కనిపిస్తుంది. చిన్న తెల్లకొంగ (ఈగ్రెట్టా గార్జెట్టా) తీరంలోనూ లోతట్టు చెరువుల్లోనూ, వరిచేలల్లోనూ సర్వత్రా ఉంటుంది. పులికాట్ వంటి ఉప్పునీటి సరస్సులో రెండూ ఒకే గట్టు మీద నిలబడటానికి అవకాశముంది.

తీరకొంగలో రెండు వర్ణరూపాలున్నాయి. ఒకటి గొంతు తెల్లగా, మిగిలిన శరీరం ముదురు బూడిదరంగులో ఉండేది. రెండవది పూర్తిగా తెల్లనిది. బూడిదరంగు పక్షిని గుర్తించడం తేలిక. చిక్కంతా తెల్లరూపంతోనే. అది చూపులకు అచ్చం చిన్న తెల్లకొంగలా ఉంటుంది. వీటిని వేరుచేసే లక్షణాల్లో రంగు కంటె నిర్మాణమే నమ్మదగినది. తీరకొంగ ముక్కు పొడవుగా, మొదట్లో లావుగా ఉండి, చివరి భాగం కొద్దిగా కిందికి వంగినట్లుంటుంది. చిన్న తెల్లకొంగ ముక్కు సన్నగా, బాకులా తిన్నగా ఉంటుంది. రంగులో మొదటిది గోధుమ, పసుపు కలిసినది, రెండవది నలుపు. చిన్న తెల్లకొంగ కాళ్ళు నల్లగా ఉండి పాదాలు మాత్రమే పసుపుగా ఉంటే, తీరకొంగకు ఆ పసుపుఛాయ పాదాలు దాటి కాలి మీదికి కొంతవరకు పాకుతుంది.

ఈ వివరణ చదివినవారికి గుర్తింపు సులభమేననిపిస్తుంది. కాని చిన్న తెల్లకొంగ పిల్లలకు కూడా ముక్కు పాలిపోయి, కాళ్ళు ఆకుపచ్చ కలిసిన పసుపురంగులో ఉంటాయి. కాబట్టి పాలిపోయిన ముక్కును మాత్రమే ఆధారం చేసుకుని ‘తీరకొంగ తెల్లరూపం’ అని రాసిన నమోదులను సందేహించక తప్పదు. ముక్కు మందాన్ని అంచనా వేయడానికి పక్కన మరొక కొంగ ఉండటం అవసరం. ఒంటరి పక్షి విషయంలో కన్ను మోసపోతుంది.

తెల్లని ఒంటి మీద అక్కడక్కడ బూడిదరంగు ఈకలున్న పక్షి కనిపిస్తే ఏమనుకోవాలి? ఇక్కడ నాలుగు అవకాశాలను బేరీజు వేయవలసి ఉంటుంది. అది తీరకొంగలోని రెండు వర్ణరూపాలు జతకట్టగా పుట్టినది కావచ్చు. రూపాలు రెండైనా జాతి ఒకటే గనుక అటువంటి పక్షి సంకరం కాదు. తెల్లరూపపు తీరకొంగ పిల్ల కావచ్చు. వాటికి చిన్నతనంలో బూడిదరంగు మచ్చలు ఉండటం అసాధారణం కాదు. తీరకొంగకూ చిన్న తెల్లకొంగకూ పుట్టిన నిజమైన సంకరం కావచ్చు. చివరిగా, చిన్న తెల్లకొంగలోనే అత్యంత అరుదుగా కనిపించే ముదురురూపం కావచ్చు. మచ్చలు ఈ నాలుగింటిలో దేనినీ నిరూపించవు. బూడిదమచ్చలతో పాటు ముక్కు నల్లగా, సన్నగా, తిన్నగా ఉంటే మూడవ, నాల్గవ అవకాశాల బలం పెరుగుతుంది. ముక్కు లావుగా, వంపు తిరిగి, గోధుమరంగులో ఉంటే మొదటి రెండింటితో సరిపెట్టుకోవడమే న్యాయం. నిర్మాణం ఒక జాతిని, రంగు మరొక జాతిని సూచించినప్పుడే సంకరత్వాన్ని గట్టిగా ప్రతిపాదించవచ్చు.

ఈ జంట విషయంలో వర్గీకరణకారులు కూడా ఏకాభిప్రాయంతో లేరన్నది గుర్తుంచుకోవాలి. కొందరు తీరకొంగను చిన్న తెల్లకొంగలో ఉపజాతిగా లెక్కించారు. నేడు ఎక్కువమంది వేరు జాతిగా పరిగణిస్తున్నారు. మొదటి అభిప్రాయాన్ని అంగీకరిస్తే మధ్యస్థరూపాలు సంకరాలే కావు. అంటే ‘ఇది సంకరమా?’ అన్న ప్రశ్నకు సమాధానం కొంత పక్షిలోను, కొంత మనం గీసిన గీతలోను ఉంది.

అలంకారశాస్త్రం చదివినవారికి ఇక్కడ ఒక పోలిక తోచకమానదు. సంసృష్టిలో అలంకారాలు నువ్వులూ బియ్యమూ కలిసినట్లు విడివిడిగా కనిపిస్తాయి. సంకరంలో పాలూ నీళ్ళూ కలిసినట్లు కలిసిపోతాయి. ఏ అలంకారమో తేల్చలేని చోటును సందేహసంకరం అన్నారు. పక్షుల్లోనూ మచ్చలు మచ్చలుగా తేలేవి, ఛాయలు కలిసిపోయేవి, తేల్చలేనివి ఉన్నాయి. అయితే పోలిక ఇంతవరకే. కావ్యంలో నువ్వులూ బియ్యమూ విడిగా కనిపిస్తే రెండు అలంకారాలున్నట్లే. పక్షి మీద రెండు రంగులు విడిగా కనిపించినంత మాత్రాన రెండు జాతులున్నట్లు కాదు.

5. బాతులు:
పక్షికుటుంబాలన్నిటిలోను సంకరాలకు పేరుమోసినది బాతుల, హంసల కుటుంబం. పెంపకంలో పుట్టినవాటిని కూడా కలుపుకుంటే ఇందులో 400కు పైగా జాతిజంటల మధ్య సంకరాలు నమోదయ్యాయి. దీనికి కారణాలు వాటి జీవనవిధానంలోనే ఉన్నాయి. అనేక జాతులు శీతకాలంలో ఒకే నీటిమీద కలిసి గడుపుతాయి. కొన్ని ఆడబాతులు ఇతర జాతుల గూళ్ళలో గుడ్లు పెడతాయి. పుట్టగానే చూసిన పక్షిని తల్లిగా ముద్రవేసుకునే స్వభావాన్ని కాన్రాడ్ లోరెంజ్ బాతుజాతి పక్షుల్లోనే విపులంగా పరిశీలించాడు. పరాయి గూటిలో పెరిగిన పిల్ల పెద్దదయ్యాక పెంచిన జాతిలోనే జతను వెతకవచ్చు. వీటికి తోడు మరొక కారణం ఉంది. ఒక జాతి బహుకొద్దిగా, మరొకటి విరివిగా ఉన్నచోట స్వజాతిలో జత దొరకని పక్షి పరజాతిని ఆశ్రయిస్తుంది. ఈ సూత్రాన్ని 1955లో కార్ల్ హబ్స్ ప్రతిపాదించాడు. ఆయన పరిశీలించినవి పక్షులు కావు, చేపలు. అయినా పక్షిశాస్త్రం దానిని తనదిగా చేసుకుంది.

సంకరం అనగానే తల్లిదండ్రుల లక్షణాలకు సరిగ్గా నడిమధ్యన ఉంటుందని అనుకోవడం పరిపాటి. బాతులు ఈ అభిప్రాయాన్ని చెదరగొడతాయి. టఫ్టెడ్ బాతు మగది నల్లని వీపుతో, తల వెనుక వేలాడే తురాయితో ఉంటుంది. పోచర్డ్ మగది ఎర్రని తలతో, బూడిదరంగు వీపుతో ఉంటుంది. ఈ రెండింటికి పుట్టినది కొన్నిసార్లు రెండింటినీ కాక, ఉత్తర అమెరికాకు చెందిన లెసర్ స్కాప్ అనే మూడవ జాతిని పోలి ఉంటుంది. ఐరోపాలో ఆ అమెరికన్ పక్షిని చూశామని ప్రకటించేవారు ముందుగా ఈ సంకరాన్ని తోసిపుచ్చవలసి ఉంటుంది. అందుకు ఉపకరించేవి సూక్ష్మమైన వివరాలు: ముక్కు కొసన నలుపు గోరు వంటి చిన్న భాగానికే పరిమితమా, లేక అంచుల దాకా పరుచుకున్నదా, తల వెనుక తురాయి మొలక ఏమైనా ఉందా, వీపు మీది సన్నని అలలగీతలు స్పష్టంగా ఉన్నాయా, మసకగా ఉన్నాయా, కంటి రంగు పసుపా, నారింజఛాయకు తిరిగినదా. తల్లిదండ్రులిద్దరిలోనూ కనిపించని గుర్తు సంకరంలో తేలడాన్ని పూర్వికుల నుండి దాగివచ్చిన లక్షణంగా కొందరు వివరించారు. ఏమైనా, ‘మధ్యస్థంగా లేదు కాబట్టి సంకరం కాదు’ అనే తర్కం బాతుల విషయంలో చెల్లదు.

నమోదైన సంకరబాతుల్లో మగవే అధికంగా కనిపిస్తాయి. ఇందుకు జన్యుశాస్త్రపరమైన ఒక వివరణ ఉంది. రెండు జాతుల సంకరసంతానంలో ఒక లింగం లోపించినా, గొడ్డుదైనా అది భిన్నమైన లింగక్రోమోజోములు గల లింగమే అయి ఉంటుందని 1922లో జె.బి.ఎస్. హాల్డేన్ సూత్రీకరించాడు. క్షీరదాల్లో అటువంటిది మగది, పక్షుల్లో ఆడది. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు కలకత్తాలో ఆయన వద్ద పరిశోధన చేసి, తరువాత ఆయన జీవితాన్ని గ్రంథస్థం చేసిన శాస్త్రవేత్త. అయితే మగసంకరాల ఆధిక్యాన్నంతా ఈ సూత్రానికే ఆపాదించడం తొందరపాటు అవుతుంది. ఆడబాతులు చాలా జాతుల్లో గోధుమరంగు చారలతో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటిలోని సంకరాలు పరిశీలకుల కళ్ళబడకుండానే పోతున్నాయన్నది అంతే బలమైన కారణం.

తెలుగునాట ఎదురయ్యే ‘వింతబాతు’ మాత్రం తరచుగా వీటిలో ఏదీ కాదు. నెల్లూరు, గోదావరి ప్రాంతాల్లో కోతలైన వరిచేలల్లో బాతుల మందలను మేపుకుంటూ ఊరూరా తిరిగే కాపరులున్నారు. సాధారణ పెంపుడుబాతు అడవి మల్లార్డ్ నుండి వచ్చినదే. కనుక మంద నుండి తప్పిపోయిన పక్షికి మల్లార్డ్‌ను గుర్తుచేసే ఆకుపచ్చ తల, ముడుచుకున్న తోకఈకలు ఉండవచ్చు. బరువైన శరీరం, నిటారుగా నిలిచే తీరు, రొమ్ము మీద తెల్లని మచ్చ పెంపకాన్ని పట్టిస్తాయి. ముఖం మీద ఎర్రని కండకాయలున్న మస్కోవీ బాతు అమెరికాఖండం నుండి వచ్చిన వేరే జాతి. సాధారణ పెంపుడుబాతుతో దానికి పుట్టినది గొడ్డుది. గణనపత్రాల్లో ఈ పెంపుడు సంతతికి విడిగా ఒక గడి ఉండటం మంచిది.

6. సంకరత్వం జాతిని మింగినప్పుడు:
ప్రకృతిసిద్ధంగా అప్పుడప్పుడు పుట్టే సంకరాలు ఏ జాతికీ ముప్పు కావు. మనిషి ఒక జాతిని దానిది కాని చోటికి చేర్చినప్పుడు పరిస్థితి మారుతుంది. అమెరికాకు చెందిన రడ్డీ బాతును 1940ల చివర ఇంగ్లండ్‌లోని స్లింబ్రిడ్జ్‌కు తెచ్చారు. తరువాతి దశకంలో కొన్ని తప్పించుకున్నాయి. 2000 నాటికి బ్రిటన్‌లో వాటి సంఖ్య సుమారు 6000కు చేరింది. స్పెయిన్‌లో తెల్లతల బాతు 1977లో 22 పక్షులకు పడిపోయి, రక్షణ చర్యలతో అప్పుడప్పుడే కోలుకుంటోంది. 1991లో అక్కడ రెండింటి సంకరాలు కనబడ్డాయి. ఇవి గొడ్డువి కావు. తరం మారేకొద్దీ వీటిని కంటితో గుర్తించడం కష్టమవుతుంది. ఆ కారణంగానే బ్రిటన్ 2005లో రడ్డీ బాతుల నిర్మూలన చేపట్టింది. ఒక జాతిని కాపాడటానికి మరొక జాతి పక్షులను వేలసంఖ్యలో కాల్చడం సమంజసమా అన్న వాదం అప్పుడు గట్టిగానే నడిచింది.

ఎర్రకాళ్ళ కొంగ కథ ఇందుకు ఆసియా ఉదాహరణ. సింగపూర్ దీని సహజ నివాసం కాదు. జంతుప్రదర్శనశాల నుండి స్వేచ్ఛగా తిరుగాడిన ఎర్రకాళ్ళ కొంగలు, అంతరించే ప్రమాదంలో ఉన్న పాలరంగు కొంగలతో జతకట్టాయి. సంకరాలకు రొమ్ముపట్టీ మసకగా, వీపు చివర గులాబీఛాయ లీలగా ఉంటుంది. అవి మళ్ళీ పాలరంగు కొంగతో జతకడితే ఆ కొద్ది గుర్తూ చెరిగిపోతుంది. చూపులకు స్వచ్ఛంగా ఉన్న పక్షి రక్తంలో సంకరత్వం ఉందో లేదో చెప్పగలిగినది జన్యుపరీక్ష మాత్రమే. 2019లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం ఈ సమస్యనే చర్చించింది. పునరుద్ధరణకు ఏ పక్షులను ఎంపిక చేయాలన్న నిర్ణయానికి కంటిచూపు చాలదు. మన కొల్లేరు, ఉప్పలపాడుల్లో కనిపించే ఎర్రకాళ్ళ కొంగల విషయంలో ఈ సందేహానికి తావులేదు. పాలరంగు కొంగ ఇక్కడి పక్షి కాదు. వ్యాప్తిపరిధిని చూడటం కూడా గుర్తింపులో భాగమేనని ఇది తెలుపుతుంది.

7. నమోదు, పరిభాష:
సందేహాస్పదమైన పక్షిని తెలుగులో ఎలా రాయాలి? మూడు వేర్వేరు స్థితులను మూడు వేర్వేరు రీతుల్లో రాయడం అవసరం. ‘తీరకొంగ లేదా చిన్న తెల్లకొంగ’ అన్నప్పుడు పక్షి ఒక జాతిదే, చూసినవారికి తెలియలేదు అని అర్థం. ‘తీరకొంగ × చిన్న తెల్లకొంగ’ అన్నప్పుడు పక్షి రెండింటి సంతానం అనే ప్రతిపాదన. ‘గుర్తించని తెల్లకొంగ’ అన్నప్పుడు గణం వరకే నిశ్చయం. మొదటిది పరిశీలకుడి జ్ఞానం గురించి చెప్పే వాక్యం. రెండవది పక్షి గురించి చెప్పే వాక్యం. వ్యవహారంలో ‘రెండూ కలిసినట్లుంది’ అనే ఒక్క మాట ఈ మూడింటికీ వాడబడుతూ, తరువాత ఆ నమోదును చదివేవారిని తప్పుదోవ పట్టిస్తుంది.

‘సంకరం’ అనే పదం మీద కూడా ఆలోచించవలసి ఉంది. వ్యవసాయశాస్త్రంలో ‘సంకర విత్తనం’ మెచ్చుకోలు. ‘వర్ణసంకరం’ అన్నచోట అదే పదం భగవద్గీత మొదటి అధ్యాయం నుండి నిందార్థాన్ని మోస్తోంది. ‘కల్తీ’ అనే మాట పక్షుల విషయంలో కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. అది శాస్త్రరచనలో పూర్తిగా వర్జనీయం. ‘మిశ్రసంతతి’ తటస్థంగా ఉన్నా, ఒకే జాతిలోని రెండు వర్ణరూపాల సంతానానికి కూడా వర్తించేటట్లుంది. ఆ రెండింటినీ వేరుచేయడమే క్షేత్రపరిశీలనలో అసలు పని గనుక, జాతుల మధ్య పుట్టినదానికి ‘జాత్యంతర సంకరం’ అని, రూపాల మధ్య పుట్టినదానికి ‘మిశ్రరూపం’ అని వాడటం మేలు.

నమోదులో పేరు కంటె ముందు వర్ణన ఉండాలి. పక్కనున్న పక్షితో పోల్చిన పరిమాణం, ముక్కు ఆకారం, కాళ్ళ రంగు ఎంతవరకు మారింది, కంటి రంగు, రెండు పార్శ్వాల ఛాయాచిత్రాలు, వీలైతే రెక్కలు విప్పినప్పటి చిత్రం, వెలుతురు ఎటునుండి పడింది, తేదీ, నీటి స్థితి అనేవి పేర్కొనాలి. ఆ తరువాతనే నిర్ణయం రాయాలి; తోసిపుచ్చిన ఇతర అవకాశాలను, వాటిని తోసిపుచ్చిన కారణాలను దాని పక్కనే ఒక వాక్యంలో చేర్చాలి. వర్గీకరణ రేపు మారినా, తీరకొంగను మళ్ళీ ఉపజాతిగా లెక్కించినా, వర్ణన ఉన్న నమోదును కొత్త పేరు కిందికి మార్చుకోవచ్చు. పేరు మాత్రమే ఉన్న నమోదుకు ఆ వీలుండదు.